మంచి కబురు చీటీ

చావు కబురు చల్లగా చెప్పడం ఎలాగో నేర్పే చోట నాకు పని. వెటకారం కాదు, నిజంగానే. క్యాన్సరు వచ్చినవాళ్ళనీ, ఏళ్ళ తరబడి మందుల మీద బతికేవాళ్ళనీ కనిపెట్టుకుని ఉండే నర్సులకు మా ఆస్పత్రివాళ్ళు శిక్షణ తరగతులు పెడతారు. రోగి ఎదురుగా ఎలా కూర్చోవాలి, ఏం అడగాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి, అన్నీ నేర్పుతారు. నేర్చుకోవాలంటే ఎదురుగా ఒక రోగి ఉండాలి కదా. ఆ రోగిని నేను. నటించేవాళ్ళను పెట్టుకోవచ్చు గానీ, నాకు రోగం ఎలాగూ ఉంది కాబట్టి శ్రమ తక్కువ.

హాల్లో ఒక మూల బల్ల, దానికి ఇటూ అటూ రెండు కుర్చీలు, బల్ల మీద టిష్యూల పెట్టె. మిగతా నర్సులంతా గోడవారన కూర్చుని చూస్తుంటారు. పాఠం చెప్పే మేడమ్ నాకో చీటీ, నర్సుకో చీటీ ఇస్తుంది. నేను వేషం వేయాల్సిన రోగి పేరేమిటో, చెప్పాల్సిన కబురేమిటో అందులో ఉంటుంది. నర్సు వస్తూనే నా పూర్తి పేరు అడగాలి, ఒకరి కబురు ఇంకొకరి నెత్తిన వేయకుండా. చెడ్డ కబురైతే ఫోను ఆపేయాలి. బల్ల అవతలి కుర్చీని జరిపి నా మోకాళ్ళ దగ్గర వేసుకోవాలి. టిష్యూల పెట్టె నా చేతికి అందేలా పెట్టాలి. "మీకు ఇప్పటిదాకా ఏం తెలుసు?" అని అడగాలి. అప్పుడు కబురు చెప్పి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే ఎవరికీ చేతకాదు. చెప్పీ చెప్పగానే "ధైర్యంగా ఉండండి, అంతా మంచే జరుగుతుంది" అని వాగడం మొదలుపెడతారు. అలా వాగినవాళ్ళను నేను వదిలిపెట్టను. చివర్లో నా అభిప్రాయం చెప్పమంటారు కదా, అప్పుడు నా సంగతి చూడాలి. "నీ ధైర్యం నువ్వే ఉంచుకో తల్లీ, నాకు నిజం ఇవ్వు చాలు" అని కడిగేస్తాను. నాకు రోగి అక్క అని పేరు పెట్టారు. చాటున రాక్షసి అంటారని కూడా తెలుసు.

మా ఆయనది ఇంకో తంతు. ఇంటి ముందు గదిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. చేతిలో పనితనం ఉంది గానీ, నోట్లో "లేదు" అన్న మాట లేదు. లోపల తీగంతా కాలి మసైపోయిన మిక్సీని కూడా అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు రండి" అంటాడు. రేపు వస్తే మళ్ళీ రేపు. మా గదిలో అరల నిండా బాగుపడని సామాన్లే. ఒకావిడైతే ఆకుపచ్చ మిక్సీ కోసం తిరిగి తిరిగి మాకు చుట్టంలా అయిపోయింది. "పాపం ఆవిడకు చెప్పేయండి, చెప్పులు అరిగిపోతున్నాయి" అంటే, "ఎలా చెప్పమంటావు, ఆశగా వస్తుంది కదా" అంటాడు. చెప్పడం నేర్పుదామని ఆయన్ని నర్సుగా నిలబెట్టి నేను రోగిలా కూర్చునేదాన్ని. కుర్చీ జరపడం దాకా బ్రహ్మాండంగా చేసేవాడు. తర్వాత నీళ్ళు నమిలేవాడు. చివరికి ఇంట్లో ఊడవడానికి నేను కుర్చీ జరిపినా, "బాబోయ్, ఏం కబురే?" అని ఏడిపించేవాడు.

నాకు రొమ్ములో మొదలై ఎముకల్లోకి, అక్కణ్ణించి కాలేయంలోకి పాకింది. రెండు మందులు పనిచేయడం మానేశాయి. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు మూడోవి. నాలుగోది లేదని డాక్టరు ముందే చెప్పాడు. మాత్రలు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఈ ఆస్పత్రిలోనే స్కాన్ తీశారు. సోమవారం రమ్మన్నారు. ఆ సోమవారం ముందు వచ్చిన శుక్రవారం తరగతి ఇది.

పొద్దున్నే మేడమ్‌ను పట్టుకున్నాను.

"ఎప్పుడు చూసినా చెడ్డ కబుర్లేనా మేడమ్? ఇవాళ ఒక్క మంచి కబురు చీటీ పెట్టండి."

"మంచి కబురు చెప్పడానికి శిక్షణ ఎందుకు అక్కా? నవ్వుతూ చెప్పేస్తారు."

"మీవాళ్ళ సంగతి మీకు తెలీదు. అదీ చెడగొట్టగలరు."

ఆవిడ నవ్వి, నా ఎదురుగానే రాసింది. కొత్త మాత్రలు బాగా పనిచేస్తున్నాయి, గడ్డ తగ్గింది, ఇవే కొనసాగిద్దాం. అంతే. ఆ మూడు ముక్కలు చదువుకుంటే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకు అడిగానో మేడమ్‌కి తెలియదు. రోగం వచ్చినప్పటి నుంచీ ఒక్క మంచి కబురు నా చెవిన పడలేదు. అది ఎలా ఉంటుందో సోమవారం లోపు ఒక్కసారి వినాలనిపించింది. చంటిపిల్ల కోరికే, అయితే ఏం.

ఆ చీటీ పొడుగు జడ నర్సుకు వచ్చింది. ఆ బ్యాచిలో నేను తిట్టని ఒకే ఒక పిల్ల. ఈ ఆస్పత్రికి కొత్త. రోగుల కేసుల మీద డాక్టర్లంతా కలిసి మాట్లాడుకుంటారు, వాళ్ళ నిర్ణయాలు రాసిపెట్టే పని ఆమెది. ఆ రోజు కూడా అక్కడి నుంచే ఆలస్యంగా పరుగెత్తుకొచ్చింది. టిఫిను కూడా తినలేదని పక్కనున్నామెతో గుసగుసలాడుతుంటే నేనే మందలించాను.

నా ఎదురు కుర్చీలో కూర్చుంది. మొహం నిండా నవ్వు. మంచి కబురు చీటీ దొరికిందని సంబరం. బల్ల అవతలే ఉంది, కుర్చీ జరపాల్సిన పని లేదు కదా.

"నమస్తే అమ్మా. మీ పూర్తి పేరు చెప్తారా?"

చీటీలో రోగికి ఏదో పేరు రాసి ఉంది. ఎప్పుడూ ఆ పేరే చెప్తాను. ఆ రోజు ఇంటిపేరుతో సహా నా పేరే చెప్పాను. నోరు జారి కాదు, కావాలనే. ఆ మంచి కబురు ఇంకెవరి పేరు మీదో వినడానికి మనసొప్పలేదు. నాది మా నాయనమ్మ పేరు. ఈ కాలంలో ఎవరూ పెట్టుకోని పాత పేరు, ఒకసారి వింటే మర్చిపోరు.

పిల్ల నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. చీటీ వంక చూసింది. నా వంక చూసింది.

"చెప్పమ్మా" అన్నాను.

చీటీ మడిచింది, మళ్ళీ విప్పింది. గోడవారన ఎవరో కిసుక్కున నవ్వారు. "చీటీలో ఉన్నది చదివినా చాలు" అని మేడమ్ మెల్లగా అందించింది. పిల్ల జేబులోంచి ఫోను తీసి ఆపేసింది. లేచింది. కుర్చీ ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా మోకాళ్ళ దగ్గర వేసుకుని కూర్చుంది. టిష్యూల పెట్టె నా వైపు జరిపింది.

నాకు ఒళ్ళు మండింది. "అమ్మాయ్, నీ చీటీ మంచి కబురుది. ఇవన్నీ దేనికి? ఇన్నాళ్ళు నేర్చుకున్నది ఇదేనా?" అని గట్టిగానే అన్నాను. అన్న తర్వాత ఆ పిల్ల చేతులు చూశాను. ఒడిలో చీటీని నలిపి ఉండ చేస్తున్నాయి. ఆ చేతులే పొద్దున డాక్టర్ల మాటలు రాసుకొచ్చాయని అప్పుడు గుర్తొచ్చింది.

హాల్లో అంతమంది ఉన్నారు, ఒక్కరికీ ఏమీ తెలియలేదు. పాపం పిల్లకు భయమేసింది, పాఠం మర్చిపోయింది అనుకున్నారు. మేడమ్ ముందుకొచ్చి, "పర్లేదు, మంచి కబురు చెప్పడం కూడా తేలిక కాదని ఇప్పుడు తెలిసిందిగా. అక్కా, మీ అభిప్రాయం చెప్పండి" అంది. అందరూ పెన్నులు పట్టుకుని నా నోటి వంక చూస్తున్నారు, రాక్షసి ఇప్పుడు ఎలా కడుగుతుందో అని.

"కుర్చీ బాగా జరిపింది" అన్నాను.

టీ విరామంలో మెట్ల పక్కన కుళాయి దగ్గర పిల్ల మొహం కడుక్కుంటోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"మీరేనని నాకు తెలీదమ్మా. ఇక్కడ అందరూ అక్కా అక్కా అంటారు కదా, పేరు తెలీదు."

"ఏం రాశావు పొద్దున?"

"సోమవారం డాక్టరుగారు చెప్తారు."

"ఆయన సోమవారం చెప్తాడులే. నువ్వు ఇప్పుడు చెప్పు. రోగి అడిగితే దాచకూడదని మీకు నేర్పేది నేనేగా."

కుళాయి కట్టేసింది. "మాత్రలు ఆపేయమన్నారమ్మా. కాలేయంలో చాలా పెరిగిందట. ఇక నొప్పి లేకుండా చూసుకోవడమే అన్నారు."

చెప్పి ఊరుకుంది. కళ్ళు దించకుండా, ఒక్క మాట వాగకుండా, నేను నేర్పినట్టే ఊరుకుంది. ఎంత పాడు పద్ధతి అది. ఏదో ఒకటి వాగు తల్లీ, ధైర్యంగా ఉండండి అనైనా అను, అంతా మంచే జరుగుతుందని అను, నేనేమీ అననులే అని బతిమాలుకోవాలనిపించింది. ఇన్నాళ్ళూ ఎంతమంది నోళ్ళు మూయించానో, వాళ్ళలో ఒక్కరు ఆ క్షణాన నా పక్కన ఉంటే బాగుండేది.

"చీటీలో ఉన్నది ఒక్కసారి అనేస్తే నీ సొమ్మేం పోయేది?" అని మాత్రం అడిగాను.

"నోరు రాలేదమ్మా" అంది.

బస్సులో దారి పొడవునా ఒకటే అనుకున్నాను, ఆయనకు ఈ రోజు చెప్పకూడదు. సోమవారం డాక్టరే చెప్తాడు. ఈ రెండు రోజులైనా మనిషి కడుపు నిండా తిని నిద్రపోనీ. ఈ మాత్రలు పనిచేస్తాయని ఆయనకు ఎంత నమ్మకమంటే, వచ్చే ఏడాదికి నా కుట్టు మిషనుకి మోటారు బిగిస్తానని ఇప్పటి నుంచే విడిభాగాలు పోగేస్తున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఆయన స్టూలు మీద కూర్చుని ఫ్యాను విప్పుతున్నాడు. "తొందరగా వచ్చావే, ఇవాళ ఎంతమందిని ఏడిపించావేం?" అన్నాడు తలెత్తకుండా. నిలబడే ఓపిక లేదు నాకు. గుమ్మం పక్కనున్న కుర్చీ పట్టుకుని ఆయన దగ్గరికి లాక్కున్నాను. కూర్చుందామనే, ఇంకేమీ అనుకోలేదు. కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి.

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"కుర్చీ అక్కడే ఉండనీ" అన్నాడు.

"కాళ్ళు లాగుతున్నాయండీ."

"అక్కడే కూర్చో."

ఆయన గొంతులో వేళాకోళం లేదు. నేను కుర్చీని గుమ్మం దగ్గరికి జరిపేసి కూర్చున్నాను. "రిపోర్టు సోమవారం కదా" అన్నాడు. "సోమవారమే" అన్నాను. ఇద్దరం అబద్ధం ఆడలేదు. ఆయన మళ్ళీ స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు. అది ఎప్పుడో ఊడిపోయింది, ఉత్తినే తిప్పుతున్నాడు.

అంతలో ఆకుపచ్చ మిక్సీ ఆవిడ వచ్చింది. "ఏమండీ, అయిందా? ఇవాళ రమ్మన్నారు కదా" అంది, ఎప్పట్లా నవ్వుతూ.

రేపు రండి అంటాడని నేనూ, ఆవిడా ఎదురుచూస్తున్నాం. ఆయన లేచి, అర మీంచి మిక్సీ దించి, దాని మీద దుమ్ము గుడ్డతో తుడిచి ఆవిడ ముందు పెట్టాడు.

"ఇది బాగవదమ్మా. లోపలంతా కాలిపోయింది."

"అదేంటండీ? ఇన్నాళ్ళూ రేపు రేపు అన్నారే."

"తెచ్చిన రోజే చూశాను. చెప్పలేకపోయాను. తీసుకెళ్ళండి, ఇక దీని కోసం తిరగకండి."

ఆవిడ ఇంకా ఏదో అనబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. మిక్సీని చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకుని, ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. అర మీద అది ఉన్న చోట దుమ్ము లేని చదరం మిగిలింది.

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత ఫోను తీసి ఆపేశాడు. స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి, నా మోకాళ్ళకు ఆనించి వేసుకుని కూర్చున్నాడు. మా తరగతిలో ఎవరూ అంత దగ్గరగా వేసుకోలేదు. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాడు.

"నాకు ఏం తెలుసో అడగాలి" అన్నాను.

అడగలేదు.