ఆరో చుట్టు

బిడ్డను కన్న తల్లుల మనోవేదన గురించి నలుగురికీ తెలియాలని పెట్టిన సరదా పరుగు అది. పార్కు చుట్టూ మూడు చుట్లు. చుట్టు తిరిగొచ్చిన ప్రతివాళ్ల చేతికీ రబ్బరు బ్యాండు తొడగడం నా పని. పెళ్లయి మూడు వారాలే కదా, మా ఆయన చెయ్యి చాపి "ఇంకో ఉంగరం తొడగండి మేడమ్" అంటుంటే నవ్వాపుకోలేక చచ్చాను.

ఆయన వెనకే అక్క వచ్చింది. చేతికి అప్పటికే ఐదు బ్యాండ్లు!

"అక్కా, మూడు చుట్లకే అయిపోయింది కదా! బావ అక్కడ బాబునెత్తుకుని నిలబడ్డాడు చూడు."

"చూశాను. అందుకే అటు వెళ్లట్లేదు. వెయ్యవే, తొందరగా."

పెదవులు పాలిపోయాయి. అయినా మళ్లీ పరుగందుకోబోయింది.

"ఆగక్కా, పడిపోతావ్!"

"ఆగితే వాణ్ణి నా చేతికిస్తారే. నిన్న స్నానం చేయిస్తుంటే నీళ్లలో వదిలేద్దామనిపించింది. రెండు నెలల పసివాణ్ణి! నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నా. మీ బావకి చెప్పకు, నీకు దణ్ణం పెడతా."

నా నవ్వు ఎటుపోయిందో. బ్యాండ్ల డబ్బా పక్కావిడ చేతిలో పెట్టేసి అక్క మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"ముందు డాక్టరమ్మకి చెబుదాం. అదిగో, ఆ టెంటులోనే ఉంది."

"పిచ్చిదంటారే."

"అననీ. నేను పక్కనే ఉంటాగా."

అక్క చెయ్యి విడిపించుకోలేదు. "ఏమైంది తల్లీ?" అని డాక్టరమ్మ అడగ్గానే నేలమీద కూలబడి, నేను నోరు తెరిచేలోపే తనే చెప్పడం మొదలుపెట్టింది.