గోరు దిగని కాయ

ఏ సరుకుకైనా దాని రోజంటూ ఒకటి ఉంటుంది. ఆ రోజు దాటనిస్తే సరుకు మన దగ్గరే ఉంటుంది, విలువ మాత్రం ఉండదు. ముప్పై ఏళ్లుగా తాళ్లు, పురికొసలు, గోనెసంచులు అమ్ముతూ నేను నమ్మిన మాట ఇది. బజారులో నన్ను నిలబెట్టిన ఈ నమ్మకమే ఇంట్లో కొంప ముంచింది.

వానలు వెనక్కి తగ్గి, ఎండ మెత్తబడిన రోజులు. మా ఆవిడ చెల్లెలికి ఒంట్లో బాగోలేదంటే రెండు రోజులు ఉండొస్తానని వెళ్లింది. ఆ రోజు నా కొట్టుకు సెలవు. టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. నేను పెరట్లోకి వెళ్లడం ఏడాదికి రెండుసార్లు జరిగితే గొప్ప.

పాత సామాన్ల గది రేకుల మీదికి సొరపాదు పాకి ఉంది. అంచున ఒక్కటే కాయ, పొడుగు మెడ, మోచేయంత పొడవు, వేలాడుతోంది. బొటనవేలి గోరు గుచ్చి చూశాను. కష్టం మీద దిగింది. ఇంకో నాలుగు రోజులైతే దిగదు. ఆడవాళ్లు మరిచిపోయినట్టున్నారు, నేను చూశాను కాబట్టి సరిపోయింది అనుకున్నాను.

కోసి, గోడ మీదుగా పక్కింటి దర్జీకి అందించాను. వారం కిందటే మా కిటికీ తెరలన్నీ కుట్టి, ఏమీ పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు. ఒక కాయతో ఒక మొహమాటం తీరింది.

"ఇంత పెద్దకాయా బావగారూ! మేం తినేది ఇద్దరమే."

"ముదిరేలోపు తినేయండి."

మర్నాడు సాయంత్రం మా ఆవిడ వచ్చింది. చేతిలో సంచి కింద పెట్టకుండానే పెరట్లోకి నడిచింది. ఊరి నుంచి వస్తే నా మొహం కన్నా ముందు మొక్కల మొహం చూడటం ఆమెకు అలవాటు.

"ఏమండీ, కాయేదీ?"

"ముదిరిపోతుంటే కోసి దర్జీకిచ్చేశా. నేను చూడకపోతే దండగైపోయేది," అన్నాను, మెప్పు కోసం ఎదురుచూస్తూ.

ఆమె వెళ్లి మెట్టు మీద కూర్చుంది. అప్పుడే పని నుంచి వచ్చిన మా అమ్మాయి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"నాన్నా! అది విత్తనం కాయ!"

సరిగ్గా అప్పుడే గోడ మీద దర్జీ భార్య తల కనిపించింది. "వదినా, కాయ కాస్త ముదురైనా వెన్నలా ఉడికిందమ్మా!"

అమ్మాయి ఒక్క పరుగున వాళ్లింటికి వెళ్లింది. తీసి పారేసిన గింజలను ఆకులో పెట్టి తెచ్చింది. తెల్లగా, మెత్తగా, నొక్కితే పాలు కారుతున్నాయి. ఒక్కటీ మొలకెత్తదు.

ఆ పాదు విత్తనం మా అత్తగారిది. నాలుగేళ్ల కిందట ఆవిడ పోయినప్పుడు, అక్కాచెల్లెళ్లు మిగతావన్నీ పంచుకున్నారు. మా ఆవిడ మాత్రం చీర అడగలేదు, గిన్నె అడగలేదు, ఆ గింజలు అడిగింది. ఏటా ఒక కాయను పాదు మీదే ఎండనిచ్చి, గింజలు తీసి, ఖాళీ సొరబుర్ర మీద కాల్చిన మేకుతో ఆ ఏటి బొమ్మ ఒకటి గీసి వరండాలో వేలాడదీసేది. అమ్మాయికి పుస్తకాలు కుట్టే ఉద్యోగం వచ్చిన ఏడు సూదీ దారం, నా కాలు విరిగిన ఏడు చేతికర్ర. ఇవి ఎవరూ కొనరు కదా, ఎందుకింత శ్రమ అనుకునేవాణ్ణి. దాచిన గింజలు ఈ ఏడు వానకు చెమ్మ పట్టి బూజెక్కాయట. బాగున్నవి మూడే, మొలిచింది ఒక్కటే. ఆ ఒక్క పాదుకు ఆ ఒక్క కాయ. ఇవన్నీ మా ఇంట్లోనే జరిగాయి. నేను కొట్లో ఉన్నాను.

ఆమె అరిచినా బాగుండేది.

"మీ నాన్నకి చెప్పు, అన్నం పెట్టానని," అంది అమ్మాయితో. నేను అక్కడే, రెండు బారల దూరంలో ఉన్నాను.

"నాన్నా, అమ్మ అన్నం పెట్టిందట."

"విన్నాను."

"విన్నాడటమ్మా."

తెల్లవారగానే కొట్లోంచి నిచ్చెన తెప్పించి రేకుల మీదికెక్కాను. కింద నుంచి మాట వినిపించింది. "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట. మీ నాన్నకి చెప్పు, రెండో కాలు కూడా విరగ్గొట్టుకోవద్దని."

అరగంట ఆకులు తిరగేశాను. దర్జీ గోడకూ రేకుకూ మధ్య సందులో, ఆకుల చాటున దొరికింది. నా పిడికిలంత పిందె. కొసన వాడిన పువ్వు ఇంకా రాలనే లేదు.

"ఉంది!" అని అరిచాను. మా ఆవిడ నిచ్చెన పట్టుకుని సగం దాకా ఎక్కి చూసింది. నాతో మాట్లాడకుండానే దిగిపోయింది. కానీ దిగాక నిచ్చెన వదల్లేదు, నేను దిగేదాకా పట్టుకునే ఉంది.

లెక్క వేసుకున్నాను. ఆ పిందె గింజ గట్టిపడాలంటే యాభై రోజులు కావాలి. పాదు చూస్తే ముప్పై రోజులకు మించి నిలిచేలా లేదు. కింది ఆకులు అప్పుడే పసుపెక్కాయి, పొద్దు రోజురోజుకూ కుదించుకుపోతోంది. ఇరవై రోజుల లోటు. లోటు వచ్చిన వ్యాపారి చేసేది ఒక్కటే, దుబారా ఆపడం. కొత్త చిగుళ్లు, మొగ్గలు, పూలు అన్నీ తుంచేశాను. పాదుకున్న సత్తువంతా ఒక్క కాయకే పోవాలి. హుషారులో ఆకుల మీద కూడా చెయ్యి వేశాను.

"మీ నాన్నకి చెప్పు, ఆకులు ముట్టుకోవద్దని. దానికి అన్నం వండేది అవే."

చేయి వెనక్కి తీసుకున్నాను. కూలీలను మానిపించి కొట్టు నడపలేనని నాకూ తెలుసు.

అప్పటి నుంచి నాలుగింటికే కొట్టు మూసేసేవాణ్ణి. పాదు మొదట్లో మట్టి గుల్ల చేసి, కుళ్లిన ఆకుల ఎరువు వేసి, నీళ్లు పోసి, మెట్టు మీద కూర్చునేవాణ్ణి. ఆ వేళ మా పెరట్లో ఎండ తేనె రంగులో ఉంటుందని నాకు తెలియదు. మా ఆవిడ నిరుటి బుర్ర లోపలంతా ఇసుకతో రుద్ది నునుపు చేస్తుంటే గరగరమని వినిపించేది. అమ్మాయి పక్కనే కాగితాలు దొంతర్లు పెట్టి పుస్తకం కుట్టేది. ఎవరూ ఏమీ అమ్మేవారు కాదు, ఎవరూ ఏమీ కొనేవారు కాదు. అయినా పొద్దు గడిచిపోయేది. ముప్పై ఏళ్లు ఈ గంటను నేను ఎవరికి ఇచ్చేసినట్టు?

మూడో వారానికి కాయ జానెడు దాటింది. తీగ మాత్రం ఎండు తాడులా అయింది. బరువుకు తొడిమ తెగితే అంతా పోయినట్టే. ఇక్కడ నా విద్య పనికొచ్చింది. మెత్తటి పురికొస తెచ్చి ఉట్టి అల్లాను. రేకు కింది దూలానికి కట్టి, కాయను అందులో కూర్చోబెట్టి, కదలకుండా బిగించాను. నా ముడి పడితే లారీలో మూట కదలదని బజారంతా చెప్పుకుంటుంది.

మా ఆవిడ వచ్చి చూసింది. వేలు దూర్చబోయింది, దూరలేదు.

"ఇది మూట కాదండీ. పెరుగుతుంది. రేపటికి దానికి చోటేదీ?"

అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. "అమ్మా, అది నేను నాన్నకి చెప్పాలా?"

"నోర్ముయ్."

మొత్తం ఇరవై రెండు రోజుల తర్వాత నాతో నేరుగా అన్న మాట అది. ముడి విప్పాను. బిగించడమే తెలిసిన చేతులకు వదులు ముడి వేయడం రాలేదు. ఆమె నా వేళ్ల మధ్య తన రెండు వేళ్లు పెట్టి, "వీటి మీదుగా కట్టండి," అంది. కట్టాను. ఆమె వేళ్లు తీసేసుకుంది. అంత చోటు మిగిలింది.

పాదు నా లెక్క తప్పించి నలభై ఎనిమిది రోజులు నిలిచింది. ఆకులన్నీ రాలి, ఎండు తీగ మీద ఉట్టిలో కాయ ఒక్కటే మిగిలింది. ఒక పొద్దున మా ఆవిడ నన్ను పిలిచింది.

"గోరు గుచ్చండి."

"నేనా? వద్దులే."

"మీరే. కోయమన్నది ఆ గోరే కదా."

గుచ్చాను. దిగలేదు. ఇంకాస్త నొక్కాను. గోరు వంగింది గానీ కాయ మీద గీత కూడా పడలేదు. సరుకు ముదిరిపోయిందని సంతోషించడం నా జీవితంలో అదే మొదటిసారి.

చలి ముదిరే దాకా వరండాలో ఎండబెట్టాక, ఒక మధ్యాహ్నం ఆమె కాయను నా చెవి దగ్గర ఆడించింది. గలగలమంది. మెడ కోసి, గింజలు చాట మీద పోసి, మూడు కుప్పలు చేసింది.

"ఒకటి చెల్లెలికి, ఒకటి దర్జీ వాళ్లకి, ఒకటి మనకి."

నా ప్రాణం ఒప్పుకోలేదు. "ఇంత కష్టపడితే, మూడింట రెండు వంతులు బయటికా?"

"అంతా ఒకే గోదాములో పెడితే ఏమైందో చూశాం కదా."

"పైగా ఆ గోదాముకు నాన్న కాపలా," అంది అమ్మాయి.

గోడవతల దర్జీ నవ్వు వినిపించింది. "మాకిచ్చే కుప్ప బావగారికి చూపించకండి వదినా, ఈసారి మొలకలు కోసిస్తారు!"

ఆ బుర్ర ఇప్పుడు వరండాలో నేనల్లిన ఉట్టిలోనే వేలాడుతోంది. దాని మీద ఈ ఏటి బొమ్మ ఒక బొటనవేలు, పెద్ద గోరుతో. చూసినవాళ్లు ఇదేంటని అడిగితే మా ఆవిడ నా వంక చూస్తుంది. చెప్పడం నా వంతు. మొదటి నుంచీ చెబుతాను.