పుర్రచెయ్యి మేస్త్రీ కట్టిన మేడగది

తాపీని కడిగి, గుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె రాసి, ముసలి మేస్త్రీ దాన్ని కిటికీ దగ్గర ఎండలో పెట్టాడు. దానికి సిమెంటు అంటి నాలుగేళ్ళయింది. అయినా పొద్దున్నే దాన్ని కడగందే ఆయనకు టీ గొంతు దిగదు.

"దాని స్నానం అయిందిగా, ఇక నువ్వు చెయ్యి నాన్నా," అని కూతురు రోజూ అనే మాటే అంది.

ఆయన్ని అందరూ పుర్రచెయ్యి మేస్త్రీ అంటారు. కుర్రతనంలో తాపీ ఎడమచేత్తో పట్టాడని పెద్దమేస్త్రీ మొట్టికాయలు వేశాడు. తల గట్టిపడిందిగాని చెయ్యి మారలేదు. ఆ చేత్తోనే నలభై ఏళ్ళు గోడలు కట్టాడు, భార్యకు చివరిదాకా మందులు పట్టాడు, కూతుర్ని పెంచి పెద్ద చేశాడు. కట్టిన వాటికి మాత్రం ఒక్క కాగితమ్ముక్క లేదు. కూతురిదేమో జిరాక్సు కొట్టు. "అందరి కాగితాలకీ నా దగ్గర నకళ్ళున్నాయి, మా నాన్న పనికి తప్ప," అని వచ్చినవాళ్ళతో నవ్వుతూ ఉంటుంది.

నిన్న ఆ కొట్టుకే ఒక దర్జీ ఆవిడ ఇంటి దస్తావేజులు పట్టుకొని వచ్చింది. కొనబోతున్న ఇల్లట. కింది భాగానికి అన్నీ ఉన్నాయి. మేడ మీది గదికి అనుమతి లేదు, ప్లాను లేదు, ఎవరు కట్టారో చెప్పేవాళ్ళూ లేరు. కట్టించిన పెద్దాయన పోయాడు. అమ్ముతున్న కొడుక్కి అప్పుడు నాలుగేళ్ళు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారుగానీ, కొని చూడు అని ఎవరైనా చెప్పారా అమ్మా!" అని ఆవిడ వాపోతుంటే, మూల స్టూలు మీద కూర్చున్న మేస్త్రీ నోరు జారాడు.

"పచ్చగేటు ఇల్లా? ఆ గది నేనే కట్టాను."

జారాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది.

ఇవాళ పది గంటలకు ఆవిడ ఆటో తీసుకొని వచ్చింది. మేస్త్రీ ఉతికిన చొక్కా తొడుక్కుని, తాపీ చంకన పెట్టుకున్నాడు. అదెందుకని కూతురు అడిగితే, "చెయ్యి ఊరికే ఉంటే వణుకుతుంది," అన్నాడు.

దారంతా దర్జీ ఆవిడే మాట్లాడింది. ఇరవై రెండేళ్ళలో ఏడు అద్దె గదులు మారింది. మారినప్పుడల్లా కుట్టుమిషన్లు మోసుకోవడం, పాత గిరాకీ పోగొట్టుకోవడం. బ్యాంకు అప్పు ఇవ్వాలంటే, మేడగది గట్టిదేనని ఇంజనీరు ఇవాళ సాయంత్రంలోగా సంతకం చెయ్యాలి. లేకపోతే రేపు ఆ ఇల్లు ఇంకొకరికి.

"కట్టినాయన వచ్చి లోపల ఏముందో చెబితే, ఒకచోట తవ్వి చూసి సంతకం పెడతానన్నాడు బాబాయ్. ఇక మీదే భారం."

మేస్త్రీ తల ఊపాడు. ఆ గదిలో ఏముందో ఆయనకు తెలుసు. తెలియడమే వచ్చిన చిక్కు.

ఇంజనీరు పాతికేళ్ళవాడు, మర్యాదస్థుడు. "మీరే కట్టారని గుర్తేంటి పెద్దాయనా?" అని అడిగాడు. మేస్త్రీ అతన్ని, గదితోపాటే కట్టిన మెట్ల కిందికి తీసుకెళ్ళాడు. అక్కడి గోడకు ఎవరూ రంగు వేయలేదు. గోడ గచ్చు మీద తాపీ తిరిగిన చారలు కుడి నుంచి ఎడమకు వంగి ఉన్నాయి. తన తాపీని ఎడమచేత్తో పక్కన పెట్టి చూపించాడు. దాని అంచు కూడా అందరి తాపీలకూ అరిగే వైపు కాకుండా రెండోవైపు అరిగింది. ఇంజనీరు చారల మీద చెయ్యి పెట్టి చూసి నవ్వాడు.

"ఇంతకన్నా సంతకం ఏముంది!"

పైకి వెళ్ళారు. బీములో అడుగున నాలుగు ఊచలు, చిటికెనవేలంత లావు, అని మేస్త్రీ చెప్పాడు. తవ్వితే నాలుగే ఉన్నాయి. పిల్లర్ల గురించి చెప్పిందీ సరిపోయింది. ఇంజనీరు కలం తీశాడు.

దర్జీ ఆవిడ అప్పటికే బాల్కనీలో ఉంది. "ఈ వెలుతురు చూశారా బాబాయ్! కటింగు బల్ల ఇక్కడే వేస్తాను. నా దగ్గర కుట్టే ముగ్గురమ్మాయిలూ హాయిగా నిలబడి పనిచేసుకోవచ్చు."

"బాల్కనీ కూడా ఇంతేగా పెద్దాయనా?" అన్నాడు ఇంజనీరు రాస్తూనే.

ఒక్క తల ఊపు చాలు. మేస్త్రీకి ఆ సాయంత్రం కళ్ళ ముందుకొచ్చింది. శ్లాబు పోస్తుంటే మబ్బు పట్టింది. తట్టలు మోసేవాళ్ళు హడావుడిగా తొక్కితే, బాల్కనీ విరగకుండా పట్టి ఉంచడానికి పైన ఉండాల్సిన ఊచలు అడుగుకు దిగిపోయాయి. ఆయన చూశాడు. పని ఆపి వాటిని పైకి లేపించాలి. కలిపిన కాంక్రీటు బిగుసుకుపోతోంది, చినుకులు మొదలయ్యాయి. "ఏం కాదులే," అనుకున్నాడు. తర్వాత, గాలివాన వచ్చిన ప్రతిసారీ, మర్నాడు పొద్దున్నే ఆ వీధికి వెళ్ళి బాల్కనీ ఉందో లేదో చూసి వచ్చేవాడు. తండ్రి నడకకు వెళ్ళాడనుకునేది కూతురు.

"ముందు నువ్వు లోపలికి రా అమ్మా," అన్నాడు మేస్త్రీ. ఆవిడ వచ్చాక ఇంజనీరు వైపు తిరిగాడు. "బాల్కనీ అంతే కాదు బాబూ. ఊచలు కిందికి దిగిపోయాయి. పోసేటప్పుడే చూశాను. చూసీ ఊరుకున్నాను."

కలం ఆగింది. దర్జీ ఆవిడ ముఖం పాలిపోయింది.

"నాకు ఇల్లు దక్కకుండా చెయ్యడానికా బాబాయ్ వచ్చారు? ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసిందమ్మా," అన్నాడు ఆయన. "పనిమంతుణ్ణని పేరుండేది. అది పోతుందని భయం."

ఆవిడ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఇంజనీరు బాల్కనీ గచ్చు జాగ్రత్తగా తవ్వించాడు. రెండు వేళ్ళ లోతున ఇనుము లేదు. నాలుగు వేళ్ళ లోతున తగిలింది. ఇంజనీరు టేపు పెట్టి కొలిచి రాసుకున్నాడు. అంతసేపూ మేస్త్రీ ఆవిడ వైపు చూడలేకపోయాడు.

"గదికి ఢోకా లేదు," అన్నాడు ఇంజనీరు చివరికి. "బాల్కనీ కోసేయాలి. అప్పటిదాకా ఆ గుమ్మానికి అడ్డంగా గోడ కట్టాలి. ఆ షరతుతో సంతకం పెడతాను." కాగితం మడుస్తూ, "తన తప్పు తానే చెప్పుకున్న మనిషి, మిగతాది అబద్ధం చెప్పడు," అన్నాడు.

దర్జీ ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. ఏడుస్తూ నవ్వింది. "కటింగు బల్ల కిటికీ దగ్గర వేసుకుంటానులే బాబాయ్."

మేస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచాడు. మెట్ల కింద ఇంటివాళ్ళు ఈమధ్య మరమ్మతుకు తెచ్చి మిగిల్చిన ఇటుకలూ, ఇసుకా, అరబస్తా సిమెంటూ ఉన్నాయి. వద్దన్నా వినలేదు. ఆవిడ ఇటుకలు అందించింది, ఇంజనీరు నీళ్ళు తెచ్చాడు. ఎడమచెయ్యి ముందు వణికింది, మొదటి ఇటుక కుదురుకున్నాక వణకలేదు. ప్రతి ఇటుకనూ రెండుసార్లు తట్టి, ఒక కన్ను మూసి వరస చూసుకున్నాడు. నాలుగు వరుసలు లేచేసరికి ఆయాసం వచ్చింది.

"ఇక చాలు, మిగతాది రేపు," అంది ఆవిడ.

"సరేనమ్మా, రేపు పొద్దున్నే వస్తాను."

ఇంటికొచ్చి కూతురికి అంతా చెప్పాడు. బాల్కనీ సంగతి కూడా చెప్పాడు. ఆకలేస్తోందని రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. భోజనమయ్యాక కొట్టులో స్టూలు మీద కూర్చుని, జిరాక్సు మిషను చప్పుడు వింటూ గోడకు తల ఆనించాడు. నాలుగింటికి కూతురు టీ తెచ్చి పిలిచింది. మళ్ళీ పిలిచింది. గ్లాసు కింద పెట్టి భుజం పట్టుకుంది.

మర్నాడు పొద్దున దర్జీ ఆవిడ ఇటుకలు తడిపి పెట్టుకుని తొమ్మిది దాకా చూసింది. అప్పుడు మేస్త్రీ కూతురి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వెళ్ళబోతూ, ఆయన వస్తువు ఆయన ఇంటికి చేర్చాలని మేడెక్కింది. నాలుగు వరుసల గోడ మీద తాపీ నిన్న పెట్టిన చోటే ఉంది. కడగనే లేదు, రెండు వైపులా సిమెంటు ఎండి గట్టిపడి ఉంది.