ముసోకే గదిలో పొద్దు

నంద్యాలలో పొద్దు పొడిచి, పాలవాళ్ళు వచ్చిపోయి, వీధిలో ఆడవాళ్ళు కసువు ఊడ్చి నీళ్ళు చల్లి, మద్దిలేటయ్య రెండోసారి కాఫీ తాగే వేళకు కూడా ముసోకే గదిలో ఇంకా చీకటే. అతను గడియారాన్ని నమ్ముకొని లేచి, తడుముకుంటూ చొక్కా తొడుక్కొని, ఆ చీకట్లోంచి ఎండలోకి కళ్ళు చికిలించుకుంటూ వచ్చేవాడు.

అతనిది ఉగాండా దేశం, కంపాలా పక్కన పల్లె. పత్తి విత్తనాల చదువుకని పందొమ్మిది వందల యాభై ఏడులో వాళ్ళ సర్కారు పంపితే నంద్యాల వచ్చాడు. అతని వెంట వాళ్ళ ఊరి పొద్దు కూడా వచ్చింది. ఆ గదిలో సూర్యుడు రెండున్నర గంటలు ఆలస్యంగా పొడిచి, రెండున్నర గంటలు ఆలస్యంగా మునిగేవాడు. అంత దూరం నుంచి రావాలి కదా, ఆ మాత్రం ఆలస్యం కాదా అని వీధివాళ్ళు ఊరుకున్నారు.

ఇంటి యజమాని మద్దిలేటయ్యకు మాత్రం అందులో సోమరితనమే కనపడింది. "బారెడు పొద్దెక్కినా లేయడు చూడు, పరదేశి నా బట్ట" అని అరుగు మీద నుంచి నలుగురికీ వినపడేట్టు అనేవాడు. తాను కోడి కూయకముందే లేస్తాడు. లేచి చేసే పని, అరుగు మీద కూర్చోవడం.

ఆ గది ఒకప్పుడు చొప్ప వేసుకునే కొట్టం. పత్తి చేల పెద్ద ఆఫీసరు అడిగితే కాదనలేక ఇచ్చాడు గాని, దాని గడప ఆ ఇంట్లో ఎవరూ దాటరు. దాటితే మైల, తలకు పోసుకోవాలి. మద్దిలేటయ్య భార్య నరసమ్మ జొన్నరొట్టె తట్టను గడప ఇవతల పెట్టి, కట్టెతో లోపలికి తోసేది. వీధి కుక్కకు చేత్తో వేసే మనిషే.

ముసోకే ఆ రొట్టె తిని, రెండు మైళ్ళు నడిచి పత్తి చేలకు పోయి, కాయలు లెక్కపెట్టి, పీచు పొడవు కొలిచి పుస్తకంలో రాసుకొని సాయంత్రానికి వచ్చేవాడు. దారిలో టీ అంగడి దగ్గర ఒక పెద్దమనిషి రోజూ అడుగుతాడు.

"ఏమప్పా, మీ దేశంలో గుడ్డలు కట్టుకుంటారా?"

"కట్టుకుంటామన్నా. మా పత్తి బొంబాయికి వచ్చి పంచెలవుతాది. నువ్వు కట్టింది మా చేలోదేనేమో, చూసుకో."

పెద్దమనిషి చూసుకునేవాడు. మరునాడు మళ్ళీ అదే అడిగేవాడు. కొందరి తలకాయల్లో పాఠం నిలవదు, ఎంత ఓపికగా చెప్పినా.

ఊరంతా దీపాలు పెట్టుకునే వేళకు ఆ గది కిటికీలోంచి పసుపుపచ్చని ఎండ సందులోకి పడేది. ఎదురింటి సైదాబీ ఆ ఎండలో కూర్చుని బొంతలు కుట్టేది. పక్కింటివాళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరుకునేవాళ్ళు. ఒక పక్కగా రామేశ్వరమ్మ కూర్చుని చదువుకునేది.

రామేశ్వరమ్మ మద్దిలేటయ్య మేనకోడలు. ఆళ్లగడ్డలో ఇచ్చారు. ఇరవై రెండేళ్ళకే మొగుడు పోయాడు. అత్తింట్లో పేడ ఎత్తడానికి ఒకామె, మేనమామ ఇంట్లో బోకులు తోమడానికి ఒకామె కావాలి గనుక ఏడాదిలో ఆరు నెలలు ఆడ, ఆరు నెలలు ఈడ పంచుకున్నారు. ఎనిమిదో తరగతి పాసైన పిల్ల. ఆడవాళ్ళ టీచరు ట్రైనింగుకు ఎంపిక పరీక్ష పెడతారని తెలిసి దరఖాస్తు పంపింది. గెలిస్తే సొంత జీతం, సొంత వంట. లేకపోతే బతికినన్నాళ్ళూ పేడా, బోకులూ.

"మొగుడు పోయినదానికి దీపమెందుకు, చదువెందుకు?" అని నరసమ్మ కిరసనాయిలు బుడ్డి దాచిపెట్టింది. పొద్దును దాచలేకపోయింది.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి రామేశ్వరమ్మ బావ, మొగుని అన్న సంజీవయ్య దిగాడు. బర్రె ఈనిందట.

"రేపు తొలి బస్సుకు బయలుదేరల్ల" అన్నాడు.

"రేపు ఎనిమిదికి పరీక్షుంది బావా. మాపటికి వస్తా."

"బర్రెకు చెప్పు ఆ మాట."

మద్దిలేటయ్య నవ్వాడు. ఆ జోకు తనకు తట్టలేదే అని కాస్త బాధ కూడా పడ్డాడు.

తెల్లవారి చూస్తే రామేశ్వరమ్మ చాప ఖాళీ. పుస్తకాలూ లేవు.

"యాడబోతాది? ఆ చీకట్లో దూరింటాది" అంది నరసమ్మ.

ముగ్గురూ కొట్టం ముందు చేరారు. బయట తెల్లగా తెల్లారింది. తలుపు బార్లా తీసే ఉంది. గడప అవతల కటిక చీకటి.

"ఓ పరదేశీ! మా పిల్ల లోపలుందా?" అని మద్దిలేటయ్య కేకేశాడు.

చీకట్లోంచి ముసోకే గొంతు వచ్చింది. "పొద్దు పొడవనీ అప్పా, ఎవరుండారో కనపడతాది."

"నువ్వు పోయి చూడు మామా, నీ ఇల్లే గదా" అన్నాడు సంజీవయ్య.

"నీ తమ్ముని పెండ్లాం. నువ్వే పో."

"నేను ఇప్పుడే తలకు పోసుకున్యా. మళ్ళా యాడ పోసుకునేది? లాంతరన్నా లోపల పెట్టండి."

"దేవుని గూట్లో పెట్టే లాంతరు! ఆడికి పోయినాక మళ్ళా ఈడికి తెస్తామా?" అంది నరసమ్మ.

పోనీ వీధిలో అడుగుదామంటే, పిల్ల కనపడలేదని పదిమందికీ తెలిస్తే పరువేం కాను? అందుకని ముగ్గురూ మూడు బండల మీద కూర్చుని, ఆ చీకటికి కాపలా కాశారు. తొలి బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. తర్వాత రెండోదీ పోయింది.

సైదాబీ వీధి చివర నుంచి నడుచుకుంటూ వచ్చి ఆగింది. "ఏందన్నా, పొద్దున్నే పీనుగు లేచిన ఇంటి ముందర కూచున్యట్ల కూచున్యారు?"

"ఏంలేదులే, పో."

ఆమె మద్దిలేటయ్య లేవకముందే బయలుదేరి ఎవరిని ఎక్కడ దింపి వస్తోందో అడిగినవాళ్ళు లేరు గనుక చెప్పలేదు.

ఎనిమిదిన్నరకు ఆ గదిలో పొద్దు పొడిచింది. ఎండ మొదట దూలం మీద, తర్వాత పత్తి సంచుల మీద, ఆ తర్వాత మంచం మీద పడింది. మంచం మీద కూర్చుని ముసోకే బూట్లకు తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఇంకెవరూ లేరు.

"యాడుంది అది?" అని అరిచాడు సంజీవయ్య.

"బడిలో, పరీక్ష రాస్తాంది. గంట కొట్టేసింటారు. పదకొండు దాకా తలుపు తీయరు."

"ఆ మాట ముందే చెప్పొద్దా?"

"లోపలుందా అని అడిగినారు. అడుగు లోపల పెట్టింటే నిమిషం పని." అతను లేచి గడప దాటి వచ్చాడు. ముగ్గురూ తగలకుండా గబగబా జరిగి దారి ఇచ్చారు.

రెండు నెలలకు వచ్చిన ఎంపిక జాబితాలో రామేశ్వరమ్మ పేరు నాలుగోది. మేనమామకూ, అత్తింటికీ చెప్పకుండానే ట్రైనింగుకని కర్నూలు బస్సెక్కింది. ఆళ్లగడ్డలో ఆ వానాకాలమంతా సంజీవయ్య, అతని పెండ్లాం పొద్దున లేస్తూనే పేడ నువ్వెత్తు అంటే నువ్వెత్తు అని కొట్లాడుకున్నారు. బర్రె మాత్రం ఎవరినీ అడగకుండా తన పని తాను చేస్తూ పోయింది.