మూడు ముక్కల మెసేజి

అయినా డబ్బాల్లో ఏం కనబడుతదని ఇట్ల గుడ్లప్పగించి చూస్తున్న, ఫోను అటు తిప్పినా డబ్బాలే ఇటు తిప్పినా డబ్బాలే, నడుమ నడుమ ఒక చుక్క, అంటే అక్కడికి వాక్యం అయిపోయిందన్నమాట, అది ఏ వాక్యమో దేవునికెరుక, బీఎస్సీ చదివిన కోడలని పెండ్లిలో చుట్టాలందరికీ చెప్పుకున్నరు, ఆ కోడలు ఇయ్యాల చుక్కలు మాత్రమే చదువుతున్నది, గివేందే ఇటుకలు పేర్చినట్టున్నయి అని మా అత్తమ్మ మంచం మీదికెళ్లి తొంగిచూసి, మా వీరేందర్ పంపిండా అన్నది, కాదత్తమ్మా, ఎవరిదో కొత్త నంబరు, మూడు మెసేజిలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినయి అంటే, మరి వాడేడి, వాని మిస్‌డ్ కాల్ ఏది అన్నది, పొద్దటి సంది నేను ఎదురుచూస్తున్నది కూడా దానికే, మా ఆయన భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తడు, వారానికోసారి జనగామకు ఇంటికొస్తడు, ఎక్కడికి పోయినా ఒక్కసారి రింగిచ్చి పెట్టేస్తే చేరినట్టు, రెండుసార్లయితే ఆలస్యమైనట్టు, మూడుసార్లయితే అన్నం వండొద్దని, పెండ్లయిన సంది మా కాపురం సగం ఎత్తని ఫోన్ల మీదనే నడిచింది, తెలంగాణ కోసం చేస్తున్న సమ్మెలో బాయి బందయిందని మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, రైల్‌రోకోకు పోయిన మనిషి ఇయ్యాల ఒక్కసారి కూడా రింగియ్యలేదు, టీవీలో కింద ఎర్రపట్టీ మీద అక్షరాలు పోతున్నయి, మహబూబాబాద్‌లో అరెస్టులు, తోపులాటలో కొందరికి గాయాలు, ఆ కొందరిలో మా ఆయన ఉన్నడో లేడో ఆ పట్టీ చెప్పదు, ఆయనకు చేస్తే స్విచాఫ్, కొత్త నంబరుకు చేస్తే అదీ స్విచాఫ్, దవాఖానలో ఉన్నడని రాసిన్రో, లేకుంటే ఇంకేమన్నా, వద్దు, అటు పోవద్దు.

ఇదివరకు డబ్బాలొస్తే ఇంత పరేషాన్ లేకుండె, రీచార్జి దుకాణం జయపాల్ దగ్గరికి పోతే, అక్కా మెసేజి పాడు కాలేదు, నీ ఫోన్లో తెలుగు అక్షరాలు లేవు, అందుకే వాటి జాగలో డబ్బాలు పెట్టింది, తెలుగున్న ఫోనుకు పంపితే మంచిగ కనబడుతది అని, తన ఫోనుకు పంపుకొని గట్టిగ చదివేటోడు, దుకాణంలో నిలబడ్డోళ్లందరూ వినేటోళ్లు, మా గల్లీలో ఎవరి ఆడబిడ్డ అలిగింది, ఎవరి బర్రె ఈనింది ఊరికి అట్లనే తెలిసేది, కాని ఇప్పుడు దుకాణం షట్టరు కిందికే ఉన్నది, జయపాల్ కూడా ఎక్కడో పట్టాల మీద కూసున్నడట, రాష్ట్రం వచ్చేదాక నా మెసేజి చదివేటోడు లేడు, ఈ గల్లీలో తెలుగున్న ఫోను ఇంకొక్కటే, ఎదురింటి కమలాదేవిది, గుంటూరు దిక్కు మనిషి, వాళ్లాయన బ్యాంకు బదిలీ మీద వచ్చిండు, ఎండకాలం మిద్దె మీద వడియాలు పెట్టుకుంట, చూశారా జమున గారూ, మా తమ్ముడు కొనిచ్చాడు, ఇందులో తెలుగు కూడా వస్తుందండీ అని నాకు చూపించి మురిసిపోయింది, ఇప్పుడేమో సమ్మె మొదలైన సంది ఆ తలుపు తెరువలేదు, ఊరేగింపు పోతుంటే కిటికీలు కూడా మూసుకుంటది, మేమూ పిలువలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు, మాటలు వాటంతటవే ఎండిపోయినయి, పోతే ఏమనుకుంటదో, పోకపోతే నేనేమైపోతనో, చెప్పులు కూడా వేసుకోకుండ గల్లీ దాటిన.

ఎవరూ అని లోపలికెళ్లి గొంతు, నేనే అక్కా, జమునను అన్న, గొళ్లెం జరంత ఆలస్యంగ జరిగింది, నా మొఖం చూసిందో లేదో, అయ్యో ముందు కూర్చోండి, ఏవిటండీ ఏమైంది అన్నది, చెప్పిన, పంపండి, వెంటనే నాకు పంపండి అని కండ్లద్దాల కోసం ఇల్లంతా వెతికింది, అవి ఆమె నెత్తి మీదనే ఉన్నయి, పాణం పోతున్నప్పుడు కూడా నాకు నవ్వొస్తదని అప్పుడే తెలిసింది, మూడు మెసేజిలు పంపిన, ఆమె ఫోను గుర్రుమన్నది, మొదటిది వచ్చింది, డబ్బాలన్నీ తెలుగైపోయినయి, వదినా నేను భీమ్లాను, అన్నతోని బాయిల పనిచేస్త, తోపులాటల అన్న ఫోను పట్టాల మీద పడి పలిగింది, అన్నకు, అని ఆగింది, చదవండక్కా అంటే, ఇక్కడిదాకే వచ్చిందండీ అన్నది, అన్నకు తర్వాత ముక్క ఇంకా గాలిలోనే ఉన్నది, అన్నకు కాలు విరిగిందా, అన్నకు తల పలిగిందా, గూడూరు దగ్గరి తండాలో పుట్టి ఇంట్లో లంబాడీ మాట్లాడే భీమ్లా, మన రాష్ట్రం వచ్చేదాక ఇంగ్లీషు అక్షరం ముట్టనని ఒట్టు పెట్టుకున్నడట, మా ఆయన చెప్పి చెప్పి నవ్వేటోడు, ఒట్టు జర పక్కకు పెట్టి ఈ తెలుగునే ఇంగ్లీషు అక్షరాలతోని రాస్తే ఏం పోయేదయ్యా భీమ్లా, కమలాదేవి నా చేతి మీద చెయ్యేసి, కంగారు పడకండి, నిజంగా ఏదైనా అయితే ఇంత నింపాదిగా వదినా అని మొదలుపెడతాడా అన్నది, నా బీఎస్సీకి ఆ తెలివి రాలేదు.

మళ్లీ గుర్రుమన్నది, ఏం కాలే, మోకాలు దోక్కపోయింది గంతే, మమ్ముల పట్టుకచ్చి ఫంక్షన్ హాల్ల కూసోబెట్టిన్రు, రేపు ఇడుస్తరట, సాంబారు పెట్టిన్రు, ఉప్పు లేదని అన్న పోలీసులతోని లొల్లి చేస్తుండు, ఓ దేవుడా, ఇంట్లో నాతోని చేసే లొల్లి అక్కడ కూడానా, ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోకెళ్లి వస్తున్నయి, ఆ గంతే, ఆ కూసోబెట్టిన్రు, కమలాదేవి నోట్లో ఎక్కిరింపు లేకుండ వస్తున్నయి, సినిమాల్లో వాళ్లు పలికినట్టు కాదు, మా ఇంట్లో మనిషి పలికినట్టు, అంతల మూడోది గుర్రుమన్నది, ఆమె చూసింది, ఆగింది, కండ్లద్దాలు సవరించుకున్నది, ఏంటక్కా అన్న, గొంతు సవరించుకొని అదే తీరుగ చదివింది, అన్న చెప్పమన్నడు, ఎదురింటి ఆంధ్రామెకు మాత్రం చెప్పకు, నేను లోపల పడ్డ అంటే పండుగ చేసుకుంటది, నా ఫోన్ల చార్జింగ్ అయిపోయింది, జై తెలంగాణ, నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలువలేదు, ఆమె ఫోను బల్ల మీద పెట్టి, పండగంటే పరమాన్నం వండాలి కదండీ, బజారుకు వెళ్లక బెల్లం నిండుకుంది, మీ ఇంట్లో ఉందా అన్నది, ఉన్నదక్కా అన్న, ఇద్దరం ఒక్కసారే నవ్వినం.

ఇంటికొచ్చి చెప్పిన, ఉప్పుకు లొల్లి చేస్తుండంటే మంచిగనే ఉన్నడు పో అని మా అత్తమ్మ కండ్లు తుడుచుకొని అటు మళ్లి పడుకున్నది, నేను బెల్లం కాగితంలో చుడుతున్న, మూడోది రాలేదండీ అన్నా నేను నమ్మేదాన్ని, ఆ ఒక్క మాట మింగి మిగతాది చదివినా చేతులెత్తి దండం పెట్టి వచ్చేదాన్ని, నాకేం తెలుస్తది, నా దగ్గరున్నవి చుక్కలే, ఆమెకది తెలుసు, తెలిసి కూడా, తనకు గుచ్చుకునే మాటను తన నోటితోనే పలికి, చివరి జై తెలంగాణ కూడా ఇడువకుండ, నాకొచ్చిన మెసేజి నాకు మొత్తం అప్పజెప్పింది.