తెల్ల ఎద్దుకు పక్కపోటు

నేను ఒక పోటుగాణ్ణి. కోతలు కోయడం లేదు. కోసే పని కత్తిది, నాది పొడిచే పని. నా పేరు ట్రోకార్. ఈ పేరు చెప్పగానే "ఏ కంపెనీ కారు బాబూ, మైలేజీ ఎంత?" అని అడిగిన మహానుభావులున్నారు. కారు కాదయ్యా! జానెడు ఉక్కు కడ్డీ, దానికి మూడు పలకల మొన, చేతికి ఇమిడే పిడి, పైన చొక్కాలా తొడిగిన గొట్టం. ఇదీ నా అవతారం. పశువు పొట్ట గాలితో ఉబ్బి ప్రాణం మీదికి వస్తే డాక్టరు నన్ను దాని ఎడమ డొక్కలో పొడుస్తాడు. కడ్డీని బయటికి లాగేస్తాడు, గొట్టాన్ని లోపలే ఉంచుతాడు, అందులోంచి గాలి తన్నుకొస్తుంది. లోకంలో ఎదుటివాడి గాలి తీసేవాళ్ళకు కొదవలేదు. గాలి తీసి ప్రాణం పోసేది మాత్రం నేనే.

జలంధర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పెరిగింది మాత్రం పొదిలి పశువుల ఆసుపత్రిలో, డాక్టర్ జానకిరామయ్యగారి సంచిలో. పిల్లిపెసర చేలో పడి మేసి ఉబ్బిపోయిన బర్రెలు ఎన్నో నా పోటు తిని లేచి నిలబడ్డాయి. మనుషుల సంగతి చిత్రం. తమకు కడుపునొప్పి వస్తే వాముతో సరిపెట్టుకుంటారు, బర్రెకు వస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తారు. జానకిరామయ్యగారు ఉద్యోగం విరమించిన రోజున నన్ను తన శిష్యుడు కోదండపాణి చేతిలో పెట్టారు. పేరులో కోదండం ఉన్నా ఆయన చేతికి దక్కిన ఆయుధాన్ని నేనే. ఆయన సైన్యంలో పశువైద్యుడయ్యాడు, మేజరయ్యాడు, శాంతిదళంతో ఆఫ్రికా వెళ్ళాడు. ఆయన సంచిలో నేనూ వెళ్ళాను.

ఆ దేశం పేరు చెప్పను. యుద్ధం జరిగిన చోటికి పేరుకన్నా చెడ్డపేరు ముందు చేరుతుంది. మా దళానివి నీలి టోపీలు. టోపీలు పెట్టుకున్నవాళ్ళే గానీ ఎవరికీ టోపీ పెట్టినవాళ్ళు కారు. కూలిన వంతెన కట్టారు, చేతిపంపులు దించారు, పిల్లలకు టీకాలు వేశారు. తుపాకీ చూసి తలుపు మూసుకున్న జనమే మా మేజరుగారి మందుల పెట్టె చూసి దూడను చంకనేసుకుని వచ్చేవారు.

మా శిబిరానికి ఒకవైపు గుట్టల వాళ్ళు, ఇంకోవైపు ఏటి ఒడ్డు వాళ్ళు. ఇద్దరికీ ప్రాణం పశువులే, ఇద్దరికీ గొడవా పశువులతోనే. చంపుకున్నారు, తగలబెట్టుకున్నారు. చివరికి ఏటి రేవు దారి మూసుకుపోయింది. గుట్టల మీది మందలు దాహంతో కూలుతున్నాయి. రేవు లేని చోట రేపు ఎక్కడిది?

ఎలాగో పెద్దలు కదిలారు. గుట్టల పెద్ద లోకిరు, ఏటి ఒడ్డు పెద్ద మాబియోర్ మా శిబిరం ముందున్న తుమ్మచెట్ల కింద కూర్చోవడానికి ఒప్పుకున్నారు. అక్కడి ఆచారం ఇదీ: ఏటి ఒడ్డు వాళ్ళు ఒక తెల్ల ఎద్దును తేవాలి. ఇద్దరు పెద్దలూ దాని వీపు మీద చేతులుంచి మాట ఇవ్వాలి. తర్వాత ఈటెతో దాన్ని బలిస్తారు, దారి తెరుచుకుంటుంది. మాట పడకముందే ఎద్దు చచ్చిందా, నేల ఈ శాంతిని ఒప్పుకోలేదని లెక్క. ఎద్దును ముందు రోజే తెచ్చి, ఇద్దరికీ చెందని చోటని మా వంటశాల పక్కన కట్టేశారు.

పొద్దున జనం చేరారు. పెద్దలు లేచి నిలబడేసరికి ఎద్దు నోట చొంగ కారింది. ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. కాసేపు ఊగి, ధబ్బున కూలబడింది.

గుట్టల వైపు నుంచి ఒక యువకుడు లేచి అరిచాడు.

"విషం! చచ్చే ఎద్దును మాకంటగట్టారు!"

"పెట్టింది మీరే!" అని అవతలి నుంచి ఇంకో అరుపు. భుజాల మీది తుపాకులు చేతుల్లోకి దిగాయి. మా జవాన్ల చేతులు కూడా కదిలాయి.

"ఎవడి తుపాకీ లేచినా ఊరుకోను!" అన్నారు మేజరుగారు హిందీలో. సంచి తెరిచి నన్ను తీశారు. రెండడుగులు వేశారో లేదో, ఒక ఈటె ఆయన ఛాతీకి అడ్డంగా వచ్చి నిలిచింది.

"మాట పడకముందు ఇనుము పడకూడదు," అన్నాడు లోకిరు.

ఆ మాటను మేజరుగారికి చెప్పింది అచోల్. అక్కడి బడిలో పంతులమ్మ, మా దళానికి దుబాసీ.

"మీరు పొడిస్తే పరాయివాడు ఎద్దును బలిచ్చేశాడని అర్థం, మేజర్. ఇక మీరూ శత్రువులే."

"పొడవకపోతే చస్తుందమ్మా!"

"చస్తే ఇవాళే యుద్ధం."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు? ఇనుము మీ చేతిలో ఉంది. అదే చిక్కు."

మేజరుగారు తన చేతిని ఒకసారి చూసుకున్నారు. తర్వాత నన్ను తిప్పి, పిడిని పెద్దల వైపు చాచారు.

మాబియోర్ ముందుకొచ్చి పిడి పట్టుకున్నాడు. వెంటనే లోకిరు ఆ చేతి మీద తన చేయి వేశాడు. "నువ్వొక్కడివే పొడిస్తే అది నీ ఒక్కడి మాటవుతుంది. ఇద్దరం పొడిస్తేనే ఇద్దరి మాట."

"నీ చెయ్యి వణుకుతోంది, తియ్యి ముందు."

"నీ కళ్ళకు ఎద్దు కనిపిస్తోందా అసలు?"

"కళ్ళ మీదికొచ్చి నిలబడ్డావు, నువ్వే అడ్డం!"

నా బతుకులో నన్ను పట్టుకుని పోట్లాడుకున్నవాళ్ళు వీళ్ళే. ఎద్దు నాలుక నీలంగా మారుతోంది, వీళ్ళకేమో ఎవరి చెయ్యి పైన అన్నది తేలలేదు! మేజరుగారు మోకాళ్ళ మీద కూర్చుని, నన్ను గానీ ఎద్దును గానీ తాకకుండా చోటు చూపించారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య మెత్తటి గుంట. "మొన ఎద్దు అవతలి ముందుకాలి మోచేతి వైపు చూడాలి. ఒక్క ఊపు. ఆగకూడదు." అచోల్ ఆ మాటలు అటు అందించింది.

నాకూ భయం వేసింది. తప్పు చోట దిగితే నేను మందును కాను, హత్యాయుధాన్ని.

ముసలి చేతులు రెండూ ఒక్కసారిగా దిగాయి. చర్మం తెగింది, కండ తెగింది, నేను లోపలికి దూసుకెళ్ళాను. కడ్డీ లాగమని మేజరుగారు సైగ చేశారు, లాగారు. బుస్సుమంటూ గాలి, దాంతోపాటు పుల్లటి కంపు! తుపాకీ పట్టుకున్న చేత్తో ముక్కు మూసుకోవడం కష్టం. చాలామంది ముక్కునే ఎంచుకున్నారు. డొక్క మెల్లగా దిగింది. ఎద్దు తల ఎత్తింది.

అంతా అయిపోయిందనుకున్నాను. మొదట అరిచిన యువకుడు మళ్ళీ తుపాకీ ఎత్తాడు.

"బతికింది సరే. విషం పెట్టిందెవరు? అది తేలకుండా కదిలేది లేదు!"

మళ్ళీ చేతులన్నీ తుపాకుల మీదికి వెళ్ళాయి. అప్పుడు మేజరుగారి వెనక ఒక గొంతు నసిగింది. హవల్దార్ సింహాద్రి, విజయనగరం వైపు మనిషి, మా వంటశాల పెద్ద.

"సార్, ఓపాలి ఇనండి. ఇసం గాదు. నానే."

"ఏంటి, నువ్వే?"

"పొద్దుగాల ఎద్దుకి పెట్టీసినాను సార్. నానేసిన సెనగలు, మిగిలిన పూరీ పిండి, బెల్లం. తెల్లగా నందిలాగుంటే సెయ్యి ఊరుకోనేదు."

"ఎంత పెట్టావు?"

"బేసినుడు."

"బేసినుడా! ఇవాళేం పండగరా?"

"శాంతి అన్నారు గదా సార్."

మేజరుగారు కళ్ళు మూసుకున్నారు. చెడ్డ గడ్డి తిన్నదని చెప్పినా అడిగేవాడు లేడు. నిజం చెబితే, పవిత్రమైన ఎద్దును చంపబోయింది మా వాళ్ళే అవుతుంది. ఆయన నోరు తెరిచేలోగా సింహాద్రి వంటశాలలోకి పరిగెత్తి ఖాళీ బేసిను తెచ్చాడు. ఈటెల మధ్యకు నడిచాడు. ఎద్దు ముందు వంగి దండం పెట్టాడు, బేసిను దాని మూతి దగ్గర పెట్టినట్టు పెట్టాడు, తన గుండె మీద గుద్దుకుని "నానే, నానే" అన్నాడు. మేజరుగారు ఒక్క ముక్క దాచకుండా చెప్పారు, అచోల్ గట్టిగా రెండు భాషల్లోనూ అందరికీ చెప్పింది.

లోకిరు సింహాద్రి మొహంలో మొహం పెట్టి అడిగాడు.

"ఎవరిదో ఎద్దుకు నువ్వెందుకు పెట్టావు?"

"మా కాడ ఎద్దు ఎవుల్దని అడగం బాబూ. గుమ్మంలోకొస్తే పెట్టీడవే."

"పెట్టేటప్పుడు ఏమైనా అన్నావా?" అన్నాడు మాబియోర్.

"అన్నాను. ఈ కొట్లాట సల్లార్సీ తండ్రీ, నానింటికెల్లి నా కూతుర్ని సూసుకోవాల అన్నాను."

ఆ మాట మేజరుగారి నుంచి అచోల్‌కు, అచోల్ నుంచి పెద్దలకు చేరింది.

లోకిరు మాబియోర్ వైపు తిరిగాడు. "మనకన్నా ముందే, ఇనుము పడకముందే వీడు మాట చెప్పేశాడు."

"చెప్పాడు. ఎద్దు పొట్ట పగిలేట్టు చెప్పాడు."

ముందు మాబియోరే నవ్వాడు. తర్వాత లోకిరు, తర్వాత జనం. యువకుడు నవ్వలేదు గానీ తుపాకీ దించాడు. పెద్దలిద్దరూ ఎద్దు వీపు మీద చేతులుంచి తమ మాటలూ పలికారు. ఇనుము ఒకసారి పడింది కాబట్టి రెండోసారి పడకూడదన్నారు, ఎద్దును వదిలేశారు. మేజరుగారు గొట్టం తీసి గాయానికి మందు పెట్టారు.

అప్పుడు అందరూ నా వైపు చూశారు. శాంతి ఎద్దుకు తగిలిన ఇనుము ఇక ఏ నెత్తురూ చూడకూడదట. మేజరుగారు ఒక్క క్షణం నన్ను పిడికిట్లో బిగించారు. గురువుగారు ఇచ్చినవాణ్ణి కదా! తర్వాత ఆ యువకుడి చేతికే ఇచ్చారు. వాడు నన్ను బండ మీద పెట్టి రాతితో కొట్టాడు. మొన మొద్దుబారింది, నడుము వంగింది. గొట్టంతో సహా రేవు దారిలో గొయ్యి తీసి పాతిపెట్టారు.

ఇప్పుడు ఇక్కడే ఉన్నాను. తుప్పు పడుతోంది, ఒప్పుకుంటున్నాను. నా పైనుంచి మందలు నడుస్తాయి. ఏవి గుట్టలవి, ఏవి ఏటి ఒడ్డువి అని గిట్టల చప్పుడును బట్టి పోల్చుకుందామని మొదట్లో చాలా ప్రయత్నించాను, చేతకాలేదు. ఒక్కటే తెలుస్తుంది. పొద్దున రేవుకు పోయేటప్పుడు అన్నీ గబగబా పోతాయి. తిరిగొచ్చేటప్పుడు పొట్ట నిండా నీళ్ళతో, నెమ్మదిగా, బరువుగా అడుగేస్తాయి.