నాడె గూటికి చేరేదాకా

భువనేశ్వరి సంగటి డబ్బాను సర్వర్ నెత్తిన పెట్టి, దాని పక్కకు అరచెయ్యి ఆనించి చూసింది. వెచ్చగా ఉంది. నగరిలో మరమగ్గాలకు పోయే చీర అంచులెన్నో ఈ లైనక్స్ సర్వర్‌లోనే రూపు దిద్దుకునేవి. మధ్యాహ్నానికి సంగటి చల్లారకుండా చూసేదీ ఇదే. డబ్బా మూత తీయగానే ఆవిరి ముఖానికి తగిలితే ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఈ రోజుతో డిజైన్ సెంటరు మూత, ఆమె ఉద్యోగమూ అంతే. సర్వర్‌ను తిరుపతి ఆఫీసుకు చేర్చడానికి డ్రైవర్ ధర్మేంద్ర వ్యాను తెచ్చాడు. వస్తూనే ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"తియ్యి చెయ్యి!"

"వయరు పెరికితే అదే ఆగిపోతాది గదక్కా. లేటైతా ఉండాది."

"మీ ఇంట్లో ఫ్యాననుకున్నావా? లోపల నాడె ఇంకా పడుగులోనే ఉండాది."

ఆమె మగ్గాల ఇంటి పిల్ల. పేక దారాన్ని మోసే నాడె తన గూటికి చేరకుండా పడుగు పోగుల మధ్యలో ఇరుక్కుని ఉండగా మగ్గం మళ్లీ కదిలితే పోగులు గుత్తులుగా తెగుతాయి. తెగినవి ఒక్కొక్కటే ముడివేస్తూ నాయన వంగిపోయి కూర్చోవడం చిన్నప్పుడు చూసింది. ఉద్యోగంలో చేరగానే ఆయన పాత నాడెను తెచ్చి ఈ ప్లగ్గు పైన మేకుకు వేలాడదీసింది.

పక్క గదిలో రేష్మా గీసిన నెమలి అంచు మగ్గానికి పట్టే ఫైలుగా మారుతోంది. నడుమ ఆగితే ఆ పిల్ల శ్రమంతా గంగపాలే. భువనేశ్వరి అన్ని తెరల మీదికీ కబురు పంపింది: "సర్వర్ ఆపబోతా ఉండాను. పనులు ముగించుకోండి."

"తిరుపతి సారుకు ఫోన్ చేస్తా," అన్నాడు ధర్మేంద్ర.

"చెయ్యప్పా. సారొచ్చినా నేను లేసేది లేదు." ప్లగ్గుకు అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది. డబ్బా తెరిచింది. "సంగట్లోకి ఊరిబిండి పచ్చడి కూడా ఉండాది. తింటావా?"

కోపం నిలబెట్టుకోవాలని చూశాడు గానీ, వాసనకు ఓడిపోయి కూర్చున్నాడు.

"అయిపోయిందక్కా!" రేష్మా కేక వేసింది.

సర్వర్‌లో ఇంకెవరి పనీ నడవడం లేదని చూసుకుని, భువనేశ్వరి షట్‌డౌన్ ఆదేశం కొట్టింది. తెర మీద ఒక్కొక్క పనీ ఆగింది, డిస్కులు విడివడ్డాయి. ఫ్యాను సన్నగా మూలిగి ఊరుకుంది. చిన్న దీపం ఆరింది. అప్పుడు తన చేత్తోనే ప్లగ్గు తీసింది.

"ఇప్పుడు ఎత్తుకుపో. ఆడ వెలిగించి సూడు, ఒక్క పోగూ తెగుండదు."

"నాడె మర్సిపోతాండావక్కా."

"ఉండనీ. రేపు ఈడ ఎవరొచ్చి ఏ మిషను పెట్టినా, ఈ నాడెను అడిగే ఆపాల."

వ్యాను పుత్తూరు దారి పట్టింది. ఆమె డబ్బా కడుక్కుని, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

ఖాళీ ప్లగ్గు పాయింటు పైన, అరిగి నున్నబడిన నాడె, తలుపు మూసిన అదురుకు ఇంకా చిన్నగా ఊగుతోంది.